2147483647 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ లేకుండా ఎలా తేల్చారు?

ఈ సంఖ్య 2^31 − 1. ఇలా 2 ఘాతం నుంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధానాలు అంటారు. ఘాతాంకం ప్రధానమైనంత మాత్రాన ఫలితం ప్రధానం కావాలని లేదు: 2^11 − 1 = 2047 = 23 × 89. కాబట్టి పరీక్షించాల్సిందే.

మామూలు పద్ధతిలో అయితే దీని వర్గమూలం, అంటే సుమారు 46,340 వరకు ఉన్న ప్రధానాలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేల పైచిలుకు. 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ దీన్ని నిరూపించినప్పుడు ఆ భారం బాగా తగ్గించే రెండు నియమాలున్నాయి. 2^31 − 1కి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 62k + 1 రూపంలోనే ఉండాలి, అంటే 62తో భాగిస్తే శేషం 1 రావాలి. పైగా దాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండూ కలిపితే మొదట పరీక్షించాల్సిన ప్రధానమే 311! మొత్తం జాబితా వంద లోపే. వాటిలో ఒక్కటీ దీన్ని భాగించదు. అప్పటికి ఆయిలర్‌కు చూపు దాదాపు పోయిందని గుర్తు చేసుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

దీన్ని 2^30తో గుణిస్తే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే సంఖ్య.

ప్రోగ్రామర్లకు 2147483647 వేరే రకంగా తెలుసు: గుర్తుతో కూడిన (ధన, రుణ విలువలు రెండూ ఉండే) 32 బిట్ల పూర్ణాంకాల్లో ఇదే గరిష్ఠం. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కించే పాత వ్యవస్థల్లో, మన కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి లెక్క సరిగ్గా ఇక్కడికి చేరుతుంది. ఆ తర్వాతి సెకనుకు చోటు లేదు.