పూలమడికి ముందు మట్టి, తర్వాతే మొక్క

చిరంజీవి శిరీషకు పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రహరీ వారన పూలమడి వేస్తున్నావని తెలిసి చాలా సంతోషమైంది. నర్సరీకి మాత్రం ఇప్పుడే వెళ్ళకు. ముందు గడ్డపార పట్టే మనిషిని పిలిపించు. కొత్త ఇళ్ళ గోడ వారన పైపైన ఎర్రమట్టి కనిపిస్తుంది గానీ, కింద సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలే ఉంటాయి. ఆ సున్నం వల్ల మొక్కకు ఇనుము అందదు. లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, మధ్యంతా పసుపుబారుతుంది. అప్పుడు ఎంత ఎరువు వేసినా తేరుకోదు.

నీ చోటు 12 అడుగుల పొడవు కదా. గోడ నుంచి అడుగు వదిలెయ్యి. గోడకు చెమ్మ ఎక్కదు, వెనక్కి వెళ్ళి కొమ్మలు కత్తిరించుకోవచ్చు. అక్కడి నుంచి 3 అడుగుల వెడల్పున, అడుగు లోతు తవ్వించి పెళ్ళలన్నీ ఏరించు. తగ్గిన మేరకు ఎర్రమట్టి పోయించి, చివికిన పశువుల ఎరువు 15 తట్టలు, వేపపిండి 2 కిలోలు కలిపించు. ఎరువు నలిపితే పొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు. పచ్చిపేడ వేస్తే వేళ్ళు మాడతాయి, చెదలు పడతాయి. మడిని నేలకన్నా నాలుగంగుళాలు ఎత్తు ఉంచితే వానాకాలంలో నీరు నిలవదు.

వెనక వరసలో మందారాలు మూడు చాలు, నాలుగేసి అడుగుల ఎడంతో. చిన్నప్పుడు ఖాళీగా కనబడుతుంది, ఆ ఖాళీ చూసి నాలుగోది ఇరికించకు. మధ్య వరసలో బంతి, చామంతి. ముందు బిళ్ళగన్నేరు, అడుగుకొకటి. దీనికి నీళ్ళు ఎక్కువైతే మొదలు నల్లబడి వాలిపోతుంది. రోజుకు అయిదారు గంటల ఎండ తగలని మూల ఉంటే అక్కడ కనకాంబరం పెట్టు.

దసరాకు బంతి కావాలంటే జూలై మధ్యలో నారు పోసుకో. 25 రోజులకు సాయంత్రం పూట అడుగున్నర ఎడంతో నాటి, వెంటనే నీళ్ళు పెట్టు. మొక్క కుదురుకుని మొగ్గ కనిపించకముందే తల తుంచెయ్యి. మనసొప్పదు గానీ తుంచితేనే పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి.

చామంతికి పొడుగు రాత్రులు కావాలి. గేటు దీపం తెల్లవార్లూ దాని మీద పడితే ఆకులే తప్ప మొగ్గ రాదు. కాబట్టి దాన్ని గేటుకు దూరంగా ఉన్న కొసన నాటు.

నర్సరీ మొక్క కవరు చించాక మట్టిగడ్డను ఒకసారి చూడు. బంకమట్టి గట్టిగా పట్టేసి, వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. బకెట్లో నానబెట్టి పైమట్టి కాస్త వదిలించి, వేళ్ళు విడదీసి నాటు. లేకపోతే పోసిన నీరు పక్కనుంచి జారిపోయి లోపలి గడ్డ ఎండిపోతుంది. కవరులో ఎంతవరకు మట్టి ఉందో అంతవరకే పూడ్చు, కాండం పూడితే కుళ్ళుతుంది.

మందారం కొసలకు తెల్లటి పిండినల్లి పడితే, మొక్క మీద చీమలు తిరుగుతుంటాయి. కొసలు తుంచి పారేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం కొట్టు. వారం తర్వాత మళ్ళీ కొట్టాలి.

తవ్వకం పూర్తయ్యాక మట్టి ఫోటో పంపు, చూసి చెబుతాను.

పెద్దమ్మ