చలికాలంలో కుక్కతో దేవమాలి కొండ ఎక్కవచ్చా?

జనవరిలో విజయనగరం నుంచి వచ్చి, పెంపుడు కుక్కను వెంటబెట్టుకుని ఒక్క రోజులో దేవమాలి కొండను నడిచి ఎక్కి దిగాలనుకుంటున్నానని, చలికి కుక్క ఇబ్బంది పడుతుందా అని మీరు అడిగారు. తప్పకుండా ఎక్కవచ్చు. అయితే ఎక్కడ వెనక్కి తిరగాలో కుక్క చెప్పదు, ఆ నిర్ణయం మీరే తీసుకోవాలి. ఈ సంగతి నాకు మా కుక్క బాధపడిన తరువాతే తెలిసింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను పదకొండేళ్లుగా కొరాపుట్ జిల్లా సునాబెడలో ఉంటున్నాను. మా మోతీ వీధిలో పుట్టిన నాటు కుక్క. నేను చెప్పబోయే రోజుకు దాని వయసు 6 ఏళ్లు, బరువు 14 కిలోలు. రోజూ ఉదయం నాతో పాటు నాలుగైదు కిలోమీటర్లు నడిచే కుక్కకు కొండ ఒక లెక్కా అనుకున్నాను. దేవమాలి ఎత్తు 1672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. సిమిలిగుడ, సునాబెడ ఉన్న పీఠభూమి ఎత్తే దాదాపు 900 మీటర్లు కాబట్టి, ఎక్కవలసినది ఏడెనిమిది వందల మీటర్లే. కాగితం మీద ఇది చిన్నదిగా కనిపిస్తుంది. కానీ వెయ్యి మీటర్లు పైకి వెళితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ కింద గడ్డి మీదే తెల్లవారుజామున మంచు పేరుకుంటుందంటే, పైన గాలి కూడా తోడైనప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

దారి గురించి ఒక మాట చెప్పాలి. మీరు సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి వైపు నుంచి వస్తారు. రైల్లో రావాలనుకుంటే మాత్రం, బొర్రాకూ అరకుకూ నడుమ వచ్చే శిమిలిగుడ స్టేషను మా సిమిలిగుడ కాదని గుర్తుంచుకోండి. పేర్లు ఒకేలా వినిపిస్తాయి కానీ అది ఆంధ్రలో ఉంది.

ఆ రోజు డిసెంబరు మూడో వారం, ఆదివారం. పొద్దెక్కాక వెళితే చలి ఉండదని, పది గంటలకు కొండ దిగువన ఉన్న ఊరి దగ్గర నడక మొదలుపెట్టాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే. శిఖరం దాకా బండ్లు వెళ్లే రోడ్డు ఉంది. చలికాలపు ఆదివారం ఆ రోడ్డు మీద కార్లు, మోటారు సైకిళ్లు ఆగకుండా తిరుగుతాయి. వాటి నుంచి తప్పించడానికి మోతీని గడ్డిలో ఉన్న కాలిబాటలకు మళ్లించాను. నీడపట్టున ఉన్న వాలులో ఆ వేళకు కూడా పొగమంచు విడలేదు, మోకాలెత్తు గడ్డి మంచుకు తడిసి ఉంది. నేను దళసరి ప్యాంటు, బూట్లు వేసుకున్నాను కాబట్టి నాకేమీ తెలియలేదు. మోతీకి మాత్రం పొట్ట కింద వెంట్రుకలన్నీ అరగంటలో తడిసిపోయాయి. కుక్కకు అన్నిటికంటే పలచని బొచ్చు ఉండేది అక్కడే.

పైకి వెళ్లే కొద్దీ చెట్లు పలచబడి, చివరికి ఒట్టి గడ్డి కొండలే మిగులుతాయి. అక్కడ నిలబడితే కింద వలిసెల చేలు, చోడి (రాగి) కోసేసిన మళ్లు, ఒకదాని వెనుక ఒకటిగా నీలిరంగు కొండల వరుసలు కనిపిస్తాయి. నేను వాటిని చూస్తూ నడిచాను, కుక్కను చూడలేదు. అంతవరకు నా ముందు తాడు లాగుతూ నడిచిన మోతీ, ఎప్పటి నుంచో గానీ, నా మడమల వెనక్కి వచ్చేసింది. రెండుసార్లు కూర్చుంది. బద్ధకిస్తోందనుకుని తాడు సున్నితంగా లాగాను. లాగిన ప్రతిసారీ లేచి వచ్చింది. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే, పిలిస్తే రానని అది ఒక్కసారి కూడా అనలేదు.

శిఖరం ఇంకా కొంచెం దూరం ఉందనగా గాలి ఒక్కసారిగా పెరిగింది. మోతీ ఒక బండ పక్కన ముడుచుకుని పడుకుంది. తొడలు వణుకుతున్నాయి, తోక కడుపు కిందికి పోయింది, చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ముందు కుడి కాలిని అదేపనిగా నాకుతోంది. పాదం తిప్పి చూశాను. ఇక్కడి ఎర్రమట్టిలో లాటరైటు గుళ్లరాయి ఎక్కువ. పొద్దుటి నుంచి తడికి నాని మెత్తబడిన పాదం మెత్తలు ఆ రాయికి గీసుకుని, ఒకచోట పలచని పొర లేచి ఎర్రగా కనిపించింది. వేళ్ల సందులో ముల్లుగడ్డి గింజ ఒకటి సగానికి పైగా దిగి ఉంది. ఆ గింజకు సూది వంటి మొన, దాని పైన వెనక్కి వాలిన సన్నని నూగు ఉంటాయి. అందువల్ల అది నడిచే కొద్దీ లోపలికి పోతుందే తప్ప బయటికి రాదు. వేలితో పీకబోతే పైభాగం తెగి చేతికి వచ్చింది, మొన లోపలే ఉండిపోయింది.

గడియారం చూస్తే రెండు దాటింది. డిసెంబరులో మాకు అయిదున్నర లోపే పొద్దుగూకుతుంది. నా స్వెట్టరు విప్పి దానికి చుట్టి, భుజాల మీద వేసుకుని దిగడం మొదలుపెట్టాను. పద్నాలుగు కిలోలు ఇంట్లో ఎత్తుకున్నప్పుడు బరువనిపించవు, వాలులో మాత్రం ప్రతి పది నిమిషాలకు ఆగవలసి వచ్చింది. దిగువ ఊరిలో ఒక ముసలమ్మ కళ్లంలో చోళ్లు తూర్పారబడుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, గోనెసంచి పరిచి, మరో పాత గుడ్డతో మోతీ పొట్టను తానే గట్టిగా రుద్దింది. ముందు దాన్ని తుడువు బాబూ, నీ చొక్కా సంగతి తరువాత చూసుకో అని ఇక్కడి ఒడియా యాస అయిన తన దేశియా మాటల్లో అంది. ఆమె ఇచ్చిన గోరువెచ్చని చోడి అంబలి మోతీ సగం గిన్నె తాగాక వణుకు తగ్గింది. మరునాడు పశువైద్యుడు మత్తు ఇచ్చి ఆ మొనను తీశారు. ఇంకో వారం ఆగి ఉంటే చీము పట్టి పాదంలోకి దారి చేసుకునేదని చెప్పారు.

ఇప్పుడు నేను పాటించేవి చెబుతాను. తెల్లవారి ఏడింటికల్లా నడక మొదలుపెట్టి, ఎక్కడ ఉన్నా సరే పన్నెండింటికి వెనక్కి తిరుగుతాను. మంచు దిగే వేళ కాబట్టి పైకి వెళ్లేటప్పుడు గడ్డి బాటలు వదిలి రోడ్డు అంచునే నడుస్తాను. ఆ పొద్దుట, అందులోనూ మామూలు రోజుల్లో, బండ్లు తక్కువ. శుక్రవారం మాత్రం వద్దు. ఆ రోజు కుందులి అనే ఊరిలో పెద్ద సంత ఉంటుంది, పొద్దుటి నుంచే దారి పొడవునా మేకలు, కోళ్లు, జనం వస్తారు. ప్రతి గంటకు ఒకసారి ఆగి నాలుగు పాదాలూ, చెవులూ, పొట్టా చేత్తో తడిమి చూస్తాను. కుక్క ముందు నడవడం మాని వెనక నడవడం మొదలుపెడితే అక్కడితో ఆ రోజు ఎక్కడం ముగిసినట్టే.

చలికాలంలో చాలామంది మరిచిపోయేది నీళ్లు. మనకు దాహం వేయదు కాబట్టి కుక్కకూ వేయదనుకుంటాం. ఇంట్లో ఉన్నప్పుడే దానికి కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి, కొండ నడకలో అంతకంటే ఎక్కువ. పై గడ్డి కొండల మీద నీడ లేదు, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. మోతీ కోసం విడిగా లీటరున్నర మోస్తాను, వాగు నీళ్లు తాగనివ్వను. ఉడకబెట్టిన గుడ్లు, చప్పటి అన్నం తీసుకువెళతాను. ఉల్లిపాయ వేసిన ఉప్మా వంటివి మీరు తినండి కానీ దానికి పెట్టకండి, ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తుంది. కుంటుతోందని మన నొప్పి మాత్రలు కూడా వేయకండి, పారాసిటమాల్ కుక్కకు ప్రమాదకరం.

తాడు ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ఇక్కడి అడవుల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. కుక్క మొరిగి రెచ్చగొట్టి, భయపడి మళ్లీ మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. మేకల మందలు, వాటి కాపలా కుక్కలు కూడా ఎదురవుతాయి. రేబిస్, డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే ఒక అంటువ్యాధి) టీకాలు గడువు దాటకుండా ఉంటేనే బయలుదేరండి, ఎందుకంటే మీ కుక్క మోసుకొచ్చిన జబ్బు ఆ ఊరి కుక్కలకూ అడవి జంతువులకూ అంటుకోవచ్చు. ఇక శిఖరం దగ్గర పిక్నిక్ వాళ్లు వదిలే సీసా పెంకులు, కోడి ఎముకలు చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. ఉడికిన ఎముక నిలువునా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. అందుకే జనం కూర్చునే చోటుకు మోతీని తీసుకువెళ్లను, అంతకు ముందున్న మలుపు దగ్గరే ఆగుతాం.

మీ కుక్క ఏ జాతిదో, దాని వయసూ బరువూ ఎంతో మీరు రాయలేదు. ముక్కు అణిగి ఉండే పగ్ వంటిదైతే చలికాలంలో కూడా ఈ ఎత్తు ఎక్కించకండి, శ్వాస అందదు. లాబ్రడార్ అయితే వారం రోజుల ముందు నుంచే ఇంటి దగ్గర మెట్లు, గట్లు ఎక్కించి చూసుకోండి. వివరాలు రాస్తే ఎంత దూరం వరకు వెళ్లవచ్చో, ఎక్కడ ఆగితే మేలో చెబుతాను.