వేలంలో ఒక్కరే పాట పాడితే చిత్రానికి ధర పలుకుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: పదేళ్లుగా తైలవర్ణ, జలవర్ణ చిత్రాలు వేస్తున్నాను. ఈ మధ్యే మొదటిసారిగా ఒక ఆన్‌లైన్ వేలం సైటులో మూడు చిత్రాలు పెట్టాను. తక్కువ ధరతో మొదలుపెడితే జనం పోటీపడి పెంచుతారని తెలిసినవారు చెప్పగా, కాన్వాసు ఖర్చు కూడా రాని మొత్తాన్ని ప్రారంభ ధరగా పెట్టాను. రెండు చిత్రాలను ఎవరూ అడగలేదు. మూడోదాన్ని ఒకే ఒక్కరు ఆ ప్రారంభ ధరకే పట్టుకుపోయారు. నా చిత్రం విలువ అంతేనా?
– ఒక చిత్రకారిణి

జవాబు: ఆ ధరను బట్టి తెలిసేది ఒక్కటే: వేలం నడిచిన ఆ కొద్ది రోజుల్లో మీ చిత్రం కావాలనుకున్న రెండో మనిషి ఆ పేజీ దాకా రాలేదు. ఈబే వంటి సైట్లలో పాటదారు తాను ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని ముందుగానే నమోదు చేస్తాడు. సైటు దాన్ని గుట్టుగా ఉంచి, అవతలివారు పాడినప్పుడల్లా అతని తరఫున ఒక్కొక్క మెట్టు, అంటే సైటు పెట్టిన కనీస పెంపు, మాత్రమే పెంచుతూ పోతుంది. మీ చిత్రానికి 5,000 దాకా ఇవ్వడానికి సిద్ధపడిన అభిమాని ఉన్నాడనుకోండి. రెండో వ్యక్తి 800 దగ్గర ఆగిపోతే చిత్రం 800 మీద ఒక మెట్టుకు అమ్ముడవుతుంది. ఆ రెండో వ్యక్తి అసలే రాకపోతే ప్రారంభ ధరకే వెళ్లిపోతుంది. అతను ఎంతదాకా ఇచ్చేవాడో మీకు ఎన్నటికీ తెలియదు. రెండో పెద్ద పాటే ధరను తేల్చే ఈ తరహా వేలాన్ని ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లోనే విశ్లేషించారు.

తక్కువ ధరతో మొదలుపెట్టమనే సలహా పూర్తిగా తప్పేమీ కాదు గానీ, అది మరో రకం సరుకుకు పనికివచ్చే సలహా. ఈబే 1995లో మొదలైన కొత్తలో పాడైపోయిన లేజర్ పాయింటరు ఒకటి 14.83 డాలర్లకు అమ్ముడైంది. కొన్న వ్యక్తి పాడైన లేజర్ పాయింటర్లనే సేకరిస్తాడట. ఎంత వింత వస్తువుకైనా కొనేవాడు ఉంటాడని చెప్పడానికి ఈ కథను వాడుతుంటారు. చిత్రకారులు గమనించవలసింది ఇంకొకటి ఉంది: ఆ కొనుగోలుదారు ఏం టైపు చేసి వెతకాలో అతనికి తెలుసు. పేరున్న చిత్రకారుడి విషయంలోనూ అంతే, ఆ పేరుతో వెతికేవారు ఎప్పుడూ నలుగురు ఉంటారు కనుక అడుగు నుంచి మొదలైన పాట కూడా దానంతటదే పైకి వెళుతుంది. మీ పేరు ఇంకా అలా ఎవరి వెతుకులాటలోనూ లేదు.

అందుచేత ఏ ధరకు ఇచ్చివేసినా రాత్రి నిద్ర పడుతుందో ఆ ధరనే ప్రారంభ ధరగా పెట్టండి. అందులో రంగులు, కాన్వాసు, మీ శ్రమతో పాటు సైటు కమీషను, చెల్లింపు రుసుము, ప్యాకింగు ఖర్చు కలిసి ఉండాలి. ఈబే సహా కొన్ని సైట్లు కమీషనును చిత్రం ధర మీదనే కాక రవాణా ఖర్చు కలిపిన మొత్తం మీద లెక్కగడతాయి కనుక, పెద్ద చిత్రాల విషయంలో ఈ తేడా గట్టిగానే తగులుతుంది. పైకి కనిపించకుండా కనీస ధర పెట్టుకొనే రిజర్వ్ పద్ధతి కూడా ఉంది. నాకు మాత్రం అది రుచించదు. పాడినా కనీస ధర అందలేదన్న మాట చూసిన కొత్త పాటదారు ఇంకెంత పెంచాలో తెలియక విసిగి వెళ్లిపోతాడు. ఇప్పుడు అమ్ముడుపోని ఆ రెండు చిత్రాలనూ వెంటనే మళ్లీ వేలానికి ఎక్కించకండి. వాటిని స్థిర ధరకు పెట్టి, కొన్నవారిని మీ తర్వాతి చిత్రాల వేలానికి పిలవడం మేలు.

ప్రశ్న: రెండో పాటదారుగా నా మిత్రుణ్ణే కూర్చోబెడితే తప్పా?

జవాబు: తప్పే. వేలం సైట్లు దీన్ని నిషేధించాయి, పలు దేశాల్లో ఇది చట్టరీత్యా నేరం కూడా. నీతి సంగతి అటుంచినా, మిత్రుడి పాటే చివరికి పైన నిలిచిపోతే మీ చిత్రాన్ని మీరే కొనుక్కొని సైటుకు కమీషను కట్టుకోవలసి వస్తుంది.

ప్రశ్న: నా జలవర్ణ చిత్రాన్ని కొన్నవారు రంగులు ఫొటోలో ఉన్నట్టు లేవని తిప్పి పంపారు. ఫొటో తీయడంలో, వివరాలు రాయడంలో ఏ జాగ్రత్తలు పాటించాలి?

జవాబు: ఆన్‌లైన్‌లో కొనేవారికి ఫొటోయే చిత్రం. ఫ్లాష్ వాడకండి. చిత్రానికి రెండు వైపులా ఒకే రకం దీపాలను సుమారు 45 డిగ్రీల కోణంలో పెట్టి, కెమెరా కటకాన్ని చిత్రం నడిబొడ్డుకు ఎదురుగా, చిత్రతలానికి సమాంతరంగా నిలపండి. కెమెరా కొంచెం వాలినా దీర్ఘచతురస్రం కాస్తా ఒక పక్కకు కుంచించుకుపోతుంది. మొదటి ఫొటోలో చిత్రం పక్కన తటస్థ బూడిదరంగు కార్డు ఒకటి ఉంచి తీస్తే, తర్వాత కంప్యూటరులో దాన్ని ఆధారం చేసుకొని మిగతా ఫొటోల రంగులను సరిదిద్దవచ్చు. జలవర్ణాల్లో తప్పు ఎక్కువగా జరిగేది తెలుపు దగ్గర. పసుపు దీపం కింద తీసిన ఫొటోలో రంగు వేయకుండా వదిలిన కాగితపు తెలుపు మీగడరంగులో కనిపిస్తుంది. కొన్నవారు కవరు విప్పి చూసేసరికి అదే చిత్రం చల్లగా, నీలి ఛాయతో ఉన్నట్టు తోస్తుంది. మీకు జరిగింది బహుశా ఇదే.

తైలవర్ణమైతే ఒక పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడనిచ్చి, కుంచె గాట్లు కనబడేలా దగ్గరి ఫొటో ఒకటి తీయండి. వెనకవైపు, అంచులు, సంతకం, చిన్న మరక ఉంటే ఆ మరకా చూపించండి. లోపాన్ని ముందే చూపిన అమ్మకందారును కొనేవారు ఎక్కువగా నమ్ముతారు, ఆ నమ్మకమే రెండో పాటదారును కూడా రప్పిస్తుంది. వివరాల్లో ఏ రంగులతో, దేని మీద, ఏ సంవత్సరంలో వేశారో, ఫ్రేము కలపకుండా ఎత్తు, వెడల్పు ఎన్ని సెంటీమీటర్లో రాయాలి. కాన్వాసు మీద ఇంకుజెట్ ప్రింటు తీసి, పైన నాలుగు కుంచె దెబ్బలు వేసిన దాన్ని మూలచిత్రం అని రాయడం కొనేవారిని మోసగించడమే అవుతుంది.

ప్రశ్న: నా చిత్రాన్ని కొన్న వ్యక్తి దాన్ని గ్రీటింగు కార్డులుగా అచ్చువేసి అమ్ముతున్నారు. కొన్నాక వారి ఇష్టమేనా?

జవాబు: వారు కొన్నది కాన్వాసును, కాపీరైటును కాదు. మీరు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ హక్కు మీదే. గోడకు తగిలించుకోవచ్చు, ఇంకొకరికి అమ్ముకోవచ్చు గానీ నకళ్లు తీసి అమ్మకూడదు. కాపీరైటుపై దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒడంబడికలో చేరిన దేశాల్లో ఈ రక్షణకు రిజిస్ట్రేషనుతో పని లేదు, సాధారణంగా అది రచయిత లేదా కళాకారుడి జీవితకాలంతో పాటు మరణానంతరం కనీసం 50 ఏళ్లు ఉంటుంది. వేసిన తేదీ, పచ్చి స్కెచ్చులు, దశలవారీ ఫొటోలు దగ్గర ఉంచుకొని ముందు వారికి ఒక లేఖ రాయండి, వినకపోతే ఆ కార్డులు అమ్ముతున్న సైటుకు ఫిర్యాదు చేయండి. ఇకపై అమ్మే ప్రతి చిత్రం వివరాల్లోనూ, బిల్లులోనూ పునర్ముద్రణ హక్కు మీదేనని ఒక వాక్యం చేర్చండి.

ప్రశ్న: తైలవర్ణ చిత్రాన్ని దూరదేశానికి పంపాలి. ఎలా ప్యాక్ చేయాలి?

జవాబు: ముందు రంగు నిజంగా ఆరిందో లేదో చూడండి. వేలికి అంటనంత మాత్రాన లోపలి పొర గట్టిపడినట్టు కాదు. మందంగా వేసిన తైలవర్ణానికి వార్నిషు పూయడానికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమంటారు. చిత్రతలానికి నునుపైన గ్లాసీన్ కాగితం తగిలేలా పెట్టి, దాని మీదనే బబుల్ ర్యాప్ చుట్టండి, బుడగలు బయటివైపు ఉండాలి. లోపలికి పెడితే పెట్టెలోని వేడికి ఆ గుండ్రటి అచ్చులు వరుసగా రంగు మీద పడతాయి, అవి ఇక పోవు. మూలలకు అట్ట తొడుగులు వేసి, పెట్టెలో పెట్టె పద్ధతిలో సర్దండి. చెక్కపెట్టె అయితే అంతర్జాతీయ రవాణాకు తగినట్టు శుద్ధి చేశారని తెలిపే ముద్ర ఆ చెక్క మీద ఉందేమో చూసుకోండి. కస్టమ్స్ కాగితాల్లో సరుకు రకాన్ని తెలిపే సంఖ్య దగ్గర చేతితో వేసిన చిత్రాలకు వర్తించే 9701 శీర్షికను రాయండి. కొరియరు వారు కళాఖండాలకు నష్టపరిహారం ఎంత వరకు ఇస్తారో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి, ఆ పరిమితి తరచుగా మీ అమ్మకం ధర కంటే చాలా తక్కువ ఉంటుంది.