డయాలసిస్ చార్టులో టైమ్ అంతా ఒకేలా పడుతోంది: సమాధానం

చెల్లీ, శ్రీకాకుళంలో మీ డయాలసిస్ యూనిట్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, బీపీలన్నీ కాగితం మీద రాసుకుని డ్యూటీ దిగేముందు ఎక్కిస్తున్నావు, అన్నింటికీ రాత్రి 8 అనే పడుతోంది, ఇన్‌ఛార్జి సిస్టర్ సంజాయిషీ అడిగారు. అంతే కదా?

కంప్యూటర్ చూపిస్తున్నది నువ్వు ఎక్కించిన టైమ్. బీపీ చూసిన టైమ్‌కి చాలా సాఫ్ట్‌వేర్లలో వేరే గడి ఉంటుంది, ముట్టుకోకపోతే ఎక్కించిన టైమే అందులోనూ పడిపోతుంది. అక్కడ అసలు టైమ్ కొట్టి, రిమార్క్స్‌లో 'లేట్ ఎంట్రీ' అని రాయి. గడే లేకపోతే రిమార్క్స్‌లోనే టైమ్ రాసి, ఐటీ వాళ్లకి కాగితం మీద పెట్టు. నోటిమాటకి వాళ్లు కదలరు.

అన్నీ వెంటనే ఎక్కించలేకపోయినా బరువు మాత్రం మెషిన్ ఆన్ చేయకముందే ఎక్కించు. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 55 కిలోలున్న మనిషి 58.4తో వస్తే సుమారు 3.4 లీటర్ల నీరు తీయాలి. కంగారులో 54.8 అని కొట్టావనుకో, తీయాల్సిన నీరే లేదని లెక్క వస్తుంది! కొట్టాక ఒకసారి పైకి చదువుకో.

ఇంకోటి. ఉద్దానం నుంచి వచ్చేవాళ్లలో ఒకే షిఫ్టులో ఇద్దరు సింహాచలాలు ఉండడం మనకేం వింత కాదు. పేరు కొట్టగానే పైన వచ్చింది నొక్కేయకు, 14 అంకెల ఆభా (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) నంబరో ఆసుపత్రి నంబరో సరిచూసుకో.

పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు. సర్వర్ ఆగిన రోజుకి ఖాళీ చార్టులు కొన్ని దగ్గర పెట్టుకో, రాసిన కాగితాలు కేస్‌షీట్‌లోనే ఉంచు. మంచం దగ్గరికి ఒక ట్యాబ్ ఇప్పించమని ఇన్‌ఛార్జినే అడుగు.