విశాఖకు మొదటిసారి వస్తున్నాం, తప్పక చూడాల్సినవి ఏంటి?

ముందుగా ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్‌కి వెళ్లండి. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన అసలు జలాంతర్గామి ఇది. 2002లో మ్యూజియం చేశారు. గుండ్రటి తలుపుల్లోంచి తల వంచుకుని దూరుతూ, ఆ ఇరుకు పడకలు, టార్పెడో గొట్టాలు చూస్తుంటే నావికుల జీవితం కళ్లకు కడుతుంది. పిల్లలుంటే అస్సలు వదలొద్దు.

చాలామంది కైలాసగిరితో సరిపెట్టుకుంటారు గానీ, రేవు అందం చూడాలంటే వన్‌టౌన్‌లో రాస్ హిల్ ఎక్కాలి. పక్కపక్క కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద రేవులోకి వచ్చే ఓడలు. నాకైతే ఊళ్లో ఇంతకంటే ఇష్టమైన చోటు లేదు.

సింహాచలం ఎలాగూ వెళ్తారు. అప్పన్న నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే, మిగతా రోజుల్లో చందనంలోనే ఉంటాడు. టైముంటే భీమిలి రోడ్డులో తొట్లకొండ బౌద్ధారామం కూడా చూడండి.