చిన్నప్పుడు పడీపడీ నవ్విన బ్రహ్మానందం కామెడీ ఇప్పుడు చూస్తే వేరేగా ఎందుకు అనిపిస్తుంది?

నాకూ ఇదే అనుభవం అండి. చిన్నప్పుడు మనకి కనిపించేది చెంపదెబ్బ, కింద పడటం, గెటప్, అంతే. "అహ నా పెళ్ళంట" (1987) లో అరగుండు అంటే నాకు ఆ సగం గుండే గుర్తు, మొన్న మళ్ళీ చూస్తే అసలు అక్కడున్నది పిసినారి దగ్గర కడుపు మాడ్చుకుని పనిచేసే ఒక పనివాడు, ఎదురుగా నోరు మెదపలేడు, యజమాని అటు తిరగ్గానే పళ్ళు కొరుక్కుంటూ లోపలున్న కసంతా కక్కేస్తాడు. ఉద్యోగం చేసి, పైవాళ్ళతో మాటలు పడ్డాక చూస్తే ఆ కోపం మనదే అనిపిస్తుంది, అందుకే ఇప్పుడు నవ్వు కొంచెం గుండెలోంచి వస్తుంది.

ఇంకోటి, టైమింగ్. డైలాగ్ కంటే ముందు ఒక్క క్షణం ఆగి కళ్ళు పక్కకి తిప్పుతాడు చూడండి, అసలు నవ్వు అక్కడ పుడుతుంది, పిల్లలకి అది అందదు. సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్ కదా, ఏ అక్షరం మీద ఎంత బరువు వేయాలో బాగా తెలుసు.

అన్నీ నిలబడవు లెండి. ఊరికే హీరో చేతిలో తన్నులు తినే సీన్లు నేనిప్పుడు చూడలేకపోతున్నా, బాధేస్తుంది.

ఒకసారి "రంగమార్తాండ" (2023) చూడండి, అందులో నవ్వించడు. హాస్పిటల్ బెడ్ మీద ప్రకాష్ రాజ్‌తో మాట్లాడే సీన్‌లో అవే కళ్ళు, నేనైతే ఏడ్చేశాను.