పెద్దవాళ్లకి ఉత్తర జపాన్ క్రూజ్: ముందు రేవు సంగతి కనుక్కోండి

"అమ్మానాన్నలకి డెబ్బై దగ్గరపడింది, ఉత్తర జపాన్ చుట్టూ ఓడలో తిప్పాలనుంది, ఏ కంపెనీ ఓడ మంచిది?" అని అడిగారు. ఇంచుమించు ఆ వయసులోనే నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం. మా అమ్మాయి యోకొహామాలో ఉంటుంది, ఓడ కూడా అక్కడే ఎక్కాం. నా మాట వినండి, ఓడ ఏదైనా ఒకటే. పడక మెత్తగానే ఉంటుంది, ముందే చెప్పి పెట్టుకుంటే శాకాహారులకి తిండికీ లోటుండదు. మీరు కనుక్కోవాల్సింది ఆ ఓడ ఏ ఊళ్లో ఏ రేవున ఆగుతుంది, మళ్లీ ఎన్నింటికి కదులుతుంది అన్నది. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల యాత్ర బాగుండటం, బాగుండకపోవడం దాని మీదే ఉంటుంది.

ఉత్తరాన హొక్కైదో ద్వీపంలో ఉన్న హకొదాతే ఊరి సంగతే తీసుకోండి. వకమత్సు రేవులో కడితే దిగి నెమ్మదిగా నడుచుకుంటూ రైల్వే స్టేషనుకి, దాని పక్కనే ఉన్న పొద్దుటి బజారుకి వెళ్లిపోవచ్చు. మినాతో రేవులో కడితే ఊరు దూరం, బస్సు కోసం క్యూలో నిలబడాలి. బ్రోషర్లో మాత్రం రెండింటికీ హకొదాతే అనే వేస్తారు. పైగా అక్కడ 334 మీటర్ల కొండ మీది నుంచి రాత్రిపూట ఊరి దీపాలు చూడాలని అందరూ చెబుతారు. రోప్‌వే ఉంది కాబట్టి ఎక్కే బాధ లేదు. కానీ జూన్, జూలైల్లో అక్కడ పొద్దు గుంకేసరికి ఏడు దాటుతుంది. ఓడ అయిదింటికే బయల్దేరేదైతే ఇక ఏం దీపాలు చూస్తారు? టైం టేబుల్ చూడకుండా డబ్బు కట్టొద్దు.

ఓడవాళ్లు అమ్మే బస్సు టూర్ల మీద నాకు పీకల దాకా కోపముంది. అదే ద్వీపంలోని ఒతారులో ఓడ దిగితే 1923లో పూర్తయిన కాలువ ఉంది, దాని వెంట పాత రాతి గోదాములున్నాయి, గట్టున హాయిగా కూర్చోవచ్చు. అది వదిలేసి జనాన్ని సప్పొరో నగరానికి తోలుకుపోయి, జెండా పట్టుకున్న గైడు వెనకాల పరుగులు పెట్టించి తీసుకొస్తారు. "అన్నీ కవర్ అవుతాయి నాన్నా" అని పిల్లలు ఎక్కడో కూర్చుని బుక్ చేసేస్తారు. బాబూ, ఈ వయసులో మాకు అన్నీ కవర్ అవ్వక్కర్లేదు. ఒక్క ఊరు నింపాదిగా చూడనివ్వండి చాలు.

నాకైతే ఆ ఒక్క ఊరు అయోమోరి, జపాన్ ప్రధాన ద్వీపం ఉత్తర కొసన ఉంటుంది. గుంతకల్లు రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్ సెక్షన్లో పనిచేసి రిటైరయినవాణ్ణి నేను. అయోమోరి స్టేషను పక్కనే హక్కోదా మారు అనే పాత ఓడని మ్యూజియంగా ఉంచారు. సముద్రం కింద రైలు సొరంగం రాకముందు అయోమోరి నుంచి హకొదాతేకి, రెండు ద్వీపాల మధ్య ఉన్న త్సుగారు జలసంధి మీదుగా రైలు పెట్టెల్ని ఇలాంటి ఓడల్లోనే దాటించేవారు. మనకి బల్లకట్టు మీద లారీలు దాటించడం తెలుసు కదా, అదే పని సముద్రం మీద 113 కిలోమీటర్లు, నాలుగు గంటలకి కాస్త తక్కువ ప్రయాణం. ఓడ కడుపులోకి దిగితే నాలుగు లైన్ల పట్టాలు! వాటి మీద ఇప్పటికీ ఒక తపాలా రైలు పెట్టె, ఒక డీజిల్ ఇంజను, ఇంకా కొన్ని బండ్లు నిలబడి ఉన్నాయి. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 1,067 మిల్లీమీటర్లు, అంటే మన పాత మీటర్ గేజ్ కంటే కాస్తంత వెడల్పు, చూపుతోనే పట్టేశాను. ఒక్కో ట్రిప్పుకి 48 వ్యాగన్లు ఎక్కించేవారట. అంత బరువు ఒక పక్క నుంచి ఎక్కుతుంటే ఓడ ఒరిగిపోకుండా రెండో పక్క ట్యాంకుల్లోకి నీళ్లు తోడేవారు. నేను పెట్టెల్ని కలిపే కప్లర్ల దగ్గర వంగి ఒక్కొక్కటే చూస్తుంటే మా ఆవిడ బెంచీ మీద కూర్చుని "ఇంత మంచి ఓడని ఎందుకు ఆపేశారండీ?" అంది.

చెప్పాను. 1954 సెప్టెంబరులో తుఫానుకి తోయా మారు అనే ఫెర్రీ హకొదాతే దగ్గర మునిగిపోయి 1,100 మందికి పైగా చనిపోయారు. సముద్రం కింద సొరంగం ఆలోచన అంతకుముందే ఉన్నా, ఆ దుర్ఘటన తర్వాతే పని ఊపందుకుంది. 53.85 కిలోమీటర్ల సేకన్ సొరంగం 1988 మార్చి 13న తెరిచారు, రోజువారీ ఫెర్రీలు ఆ రోజుతోనే ఆగిపోయాయి. ఆ ఓడలు దాటిన నీళ్ల అడుగునే ఇప్పుడు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు కూడా పోతోంది. ఈ చరిత్ర తెలుసుకున్నాక ఆ జలసంధి మీద క్రూజ్ ఓడ సాగుతుంటే డెక్కు మీద నిలబడి చూడటం వేరే అనుభవం. ఏ బస్సు టూరూ దీన్ని చూపించదు.

ఇక వీసా. విదేశీ జెండా ఓడలు, అంటే వేరే దేశంలో రిజిస్టరైనవి, జపాన్ రేవుల మధ్యే తిప్పి మళ్లీ జపాన్లోనే దింపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. అందుకే మధ్యలో ఒక పరాయి దేశపు రేవు, ఎక్కువగా కొరియాలోని బూసాన్, తాకిస్తారు. అక్కణ్ణుంచి తిరిగి రావడం జపాన్లోకి రెండోసారి అడుగుపెట్టడం కిందే లెక్క. కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా పనికిరాదు. మాకు ఒక ట్రావెల్ ఏజెంటు సింగిల్ చాలని గట్టిగా చెప్పాడు. మా అమ్మాయి పట్టుకోబట్టి సరిపోయింది. కొరియా వీసా కావాలో వద్దో కూడా క్రూజ్ కంపెనీ నుంచే రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు.

మందులు నెల రోజులకి మించి తీసుకెళ్లాలంటే ముందుగా అనుమతి కావాలి. సూడోఎఫెడ్రిన్ ఎక్కువున్న జలుబు మాత్రలు జపాన్లోకి తీసుకెళ్లనివ్వరు. డాక్టరు చీటీ ఇంగ్లీషులో పెట్టుకోండి. ఓడలోని డాక్టరు ఫీజు గట్టిగానే వసూలు చేస్తారు, ఇన్సూరెన్సు లేకుండా ఎక్కించొద్దు. గది ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్లాలంటే జూన్ చివర, జూలై మొదట్లో. మిగతా జపాన్ వానాకాలంలో తడుస్తున్నా హొక్కైదోకి ఆ బాధ అంతగా ఉండదు. హొక్కైదో తూర్పున కుషిరో వైపు మాత్రం ఆ నెలల్లో పొగమంచు పడుతుంది, స్వెట్టర్లు పెట్టండి. సెప్టెంబరు తుఫాన్ల నెల. అయోమోరిలో పెద్ద పెద్ద దీపాల బొమ్మల్ని ఊరేగించే నెబుత పండుగ ఏటా ఆగస్టు 2 నుంచి 7 దాకా జరుగుతుంది. జనం రద్దీని మీ వాళ్లు తట్టుకోగలిగితే ఆ వారం రేవులో ఆగే ఓడ చూడండి, కాకపోతే ఆ తేదీల గదులు తొందరగా అయిపోతాయి.